డిసెంబర్ అంతా కుట్టు మిషన్ మీదే పోతోంది, నా బతుకులో దేవుని ఉద్దేశం ఏంటి?

తెనాలి_టైలరక్క:

అందరికీ వందనాలు. నేను ఇంటి దగ్గరే జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను, మాది తెనాలి పక్కన. ఈ పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, డిసెంబర్ వస్తే మాకు ఊపిరాడదు. ధనుర్మాసం పట్టేలోపు పెళ్ళిళ్ళవి ఇచ్చెయ్యాలి, అవి అయ్యీ అవ్వకముందే క్రిస్మస్ కొత్త బట్టలు, వాటి మధ్యలోనే సంక్రాంతికి ముందుగా ఇచ్చి వెళ్ళేవాళ్ళు. మా చర్చిలో ఆడవాళ్ళు పండగరోజు కట్టుకునే వాటిల్లో చాలావరకు నా చేతిమీదుగా వెళ్ళినవే. క్యారల్స్ రౌండ్స్‌కి వెళ్ళాలని ప్రతి ఏడూ అనుకుంటా, కుదరదు. వాళ్ళే మా ఇంటికొచ్చినప్పుడు మిషన్ ఆపి, పాట అయ్యేదాకా నిలబడి, కానుక వేసి, పాస్టర్ గారు ప్రార్థన చెయ్యగానే మళ్ళీ కూర్చుంటా.

మొన్న మా సంఘంలో సెమీ క్రిస్మస్ (పండగకి ముందే చేసుకునే క్రిస్మస్ కూటం) జరిగింది. బయట నుంచి వచ్చిన దైవజనులు చాలా బలంగా చెప్పారు, యేసయ్య ఒక ఉద్దేశంతో పుట్టాడు, నువ్వెందుకు పుట్టావో తెలుసుకోకుండా ఇంకో క్రిస్మస్ చేసుకోవద్దు అని. తర్వాత సాక్ష్యాలు, అంటే దేవుడు తమ బతుకులో చేసింది అందరి ముందూ చెప్పడం. ఒక చెల్లి ఉద్యోగం మానేసి బైబిల్ కాలేజీలో చేరుతోంది, ఒక తమ్ముడు ఏజెన్సీ గ్రామాల్లో సేవకి వెళ్ళాడు. నాకు నిజంగా సంతోషమేసింది. కానీ ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాక ఏడుపొచ్చేసింది. నా రోజు ఏంటంటే పొద్దున్నే వంట, పిల్లల్ని బడికి పంపడం, మంచంలో ఉన్న మా అత్తగారికి స్నానం, అన్నం (పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది), ఆ తర్వాత రాత్రి దాకా కటింగ్, కుట్టు, హుక్స్. మా ఆయన ఆటో. ఇందులో సాక్ష్యం చెప్పేది ఏముంది?

బైబిల్లో బట్టలు కుట్టిన దొర్కా గురించి చెప్తారని తెలుసు. మా పాస్టరమ్మ గారు ప్రతిసారీ అదే చెప్తారు. కానీ దొర్కా విధవరాళ్ళకి ధర్మంగా కుట్టిచ్చింది, నేను కూలి తీసుకుని కుడతా, ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు, అత్తగారి మందులు. డబ్బు తీసుకుని చేసే పని సేవ ఎలా అవుతుంది? నా పిలుపు వేరే ఏదైనా ఉండి నేను వినట్లేదా? పెద్దవాళ్ళు కొంచెం చెప్పండి, ఓదార్పు మాటలు కాదు, వాక్యం నుంచి చెప్పండి.

గుంటూరు_మాస్టారు:

అమ్మా, వందనాలు. నేను రిటైర్డ్ టీచర్ని, మాది లూథరన్ సంఘం, చిన్నప్పటి నుంచి క్రిస్మస్ వాక్యం వింటూనే ఉన్నా. వాక్యం నుంచి అడిగావు కాబట్టి లూకా రెండో అధ్యాయమే తీద్దాం.

యేసయ్య పుట్టిన రాత్రి ఆ గొర్రెల కాపరుల గురించి ఎనిమిదో వచనంలో ఏముందో చూడు, వాళ్ళు ప్రార్థనలో లేరు, గుళ్ళో లేరు, రాత్రిపూట మంద దగ్గర కాపలా కాస్తున్నారు, అంటే డ్యూటీలో ఉన్నారు. దూత అక్కడికే వచ్చాడు. సరే వాళ్ళు వెళ్ళి చూశారు, అందరికీ చెప్పారు. ఇప్పుడు ఇరవయ్యో వచనం చదువు, దేవుణ్ణి మహిమపరుస్తూ తిరిగి వెళ్ళిపోయారు. ఎక్కడికి తిరిగి వెళ్ళారు? ఆ గొర్రెల దగ్గరికే. లోకరక్షకుణ్ణి మొదట చూసినవాళ్ళని కూడా దేవుడు పని మాన్పించలేదమ్మా. మా లూథరన్ సంఘానికి ఎవరి పేరు వచ్చిందో ఆ మార్టిన్ లూథర్ గారు ఒక క్రిస్మస్ ప్రసంగంలో సరిగ్గా ఈ మాట మీదే ఆగారు, ఈ కాపరులు అన్నీ వదిలేసి మఠంలో చేరలేదు, వాళ్ళ పనిలోనే ఉండి దేవుణ్ణి సేవించారు అని. ఆయన స్వయంగా మఠంలో సన్యాసిగా ఉండి వచ్చిన మనిషి, కాబట్టి ఆ మాటకి బరువుంది.

ఇంకొకటి, నువ్వు బట్టల పని చేస్తావు కాబట్టి చెప్తున్నా. కాపరులకి దూత ఇచ్చిన ఆనవాలు ఏంటి? నక్షత్రం కాదు, అది జ్ఞానుల కథలో, మత్తయిలో వస్తుంది. పొత్తిగుడ్డల్లో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన పసిబిడ్డ, అదీ ఆనవాలు. ఏడో వచనంలో చుట్టింది మరియమ్మే. బిడ్డకి గుడ్డ చుట్టడం కంటే మామూలు పని ఏముంటుంది, ప్రతి తల్లీ చేసేదే, దాన్నే దేవుడు గుర్తుగా పెట్టాడు.

కూలి గురించి కూడా చెప్తా. నిర్గమకాండం 28వ అధ్యాయం మూడో వచనం చూడు, మోషే అన్న అహరోను వేసుకునే యాజక వస్త్రాలు కుట్టేవాళ్ళని దేవుడే జ్ఞానాత్మతో నింపానన్నాడు. 31వ అధ్యాయంలో బెసలేలు అనే పనివాణ్ణి దేవుని ఆత్మతో నింపాను అంటాడు, దేనికంటే బంగారం, వెండి, ఇత్తడి పనికి, రాళ్ళు చెక్కడానికి, కర్ర కొయ్యడానికి. పౌలు సంగతి సరేసరి, అపొస్తలుల కార్యాలు 18లో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. డబ్బు తీసుకునే కుట్టాడు కదా. అందుకని ఎవరు ఆయన్ని తక్కువ సేవకుడు అన్నారు?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

అక్కా నేను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుని. మా వార్డులో దసరాకి, సంక్రాంతికి మేము డ్యూటీ చేస్తాం, క్రిస్మస్‌కి మిగతావాళ్ళు మాకు సర్దుతారు, కానీ క్రిస్టియన్ నర్సులమే ఎక్కువమంది ఉంటాం కాబట్టి అందరికీ సెలవు దొరకదు, ఎవరో ఒకరం ఉండాల్సిందే. అలా 24 రాత్రి వార్డులో గడిపినవాళ్ళలో నేనూ ఉన్నా. అందుకే మాస్టారు గారు చెప్పిన ఎనిమిదో వచనం నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది, రాత్రివేళ కాపలా.

నువ్వు కుట్టు గురించే అడిగావు కానీ నాకు మీ అత్తగారి సంగతే ముందు కనపడింది. పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లో చూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర పుళ్ళు పడతాయి, ఒకసారి పడితే మానడానికి నెలలు పడుతుంది. మింగడం కష్టమైతే కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టాలి, పడుకోబెట్టి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేం వార్డులో షిఫ్టులు మార్చుకుని చేసే పని నువ్వు ఇంట్లో ఒక్కదానివే, మిషన్ మధ్యలో లేచి లేచి చేస్తున్నావు. మత్తయి 25లో రోగినై ఉన్నప్పుడు నన్ను చూడవచ్చితిరి అని యేసయ్య చెప్పింది ఎవరితో? అందులో నీతిమంతులు ఏమంటారు, ప్రభువా ఎప్పుడు చేశాం అని అడుగుతారు. వాళ్ళకే తెలీదు అక్కా. వాళ్ళు అది సాక్ష్యంగా చెప్పుకోడానికి చెయ్యలేదు, ఎదురుగా మనిషి ఉన్నాడు, చేశారు.

మన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి తెలుసు కదా. డాక్టర్ ఆనా కుగ్లర్ గారు 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చేటప్పటికే డాక్టరు, కానీ మిషనరీలని పంపే బోర్డు వాళ్ళు ఆమెని వైద్యానికి పంపలేదు, టీచర్ పనికి పంపారు. ఆమె వచ్చి ఆ బడుల పని చేసింది, దాంతోపాటే వచ్చినవాళ్ళకి మందులు ఇచ్చింది. ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో అన్నేళ్ళు చేసింది పిలుపు కాదా మరి? నాకైతే చేతికి వచ్చిన పని చేస్తూ ఉండటంలోనే ఆమె పిలుపు ఉందనిపిస్తుంది.

సువార్త_ఖమ్మం:

ప్రైజ్ ద లార్డ్. పైన చెప్పినవన్నీ నిజమే, వాక్యానుసారమే. కానీ నేను ఒక మాట గట్టిగా చెప్పాలి, అక్క ఏమీ అనుకోవద్దు. నా పనే నా ఆరాధన అనే మాట ఈ మధ్య చాలామంది వాడుతున్నారు, దాన్ని అడ్డం పెట్టుకుని సహవాసానికి రారు, ఆదివారం రారు, పక్కింటివాళ్ళకి యేసయ్య పేరు కూడా చెప్పరు. హెబ్రీ పత్రిక 10:25లో సమాజంగా కూడుకోవడం మానొద్దని ఉంది. కాపరులు తిరిగి పనికి వెళ్ళారు నిజమే మాస్టారూ, కానీ దానికి ముందు 17వ వచనం ఉంది, శిశువు గురించి తమకి చెప్పిన మాటలు ప్రచురం చేశారు. అది వదిలేసి ఇరవయ్యో వచనానికి పోకూడదు కదా.

మాది డోర్నకల్ డయాసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాలు. మా బిషప్ అజరయ్య గారు 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చి నుంచి వచ్చింది) మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత వాళ్ళ తల మీద వాళ్ళ చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. వాళ్ళెవరు? పాలేర్లు, కూలీలు, చాలామందికి చదువు రాదు. ఎవరూ పని మానేసి పాస్టర్లు కాలేదు, మళ్ళీ పొలానికే పోయారు, కానీ నోరు మూసుకుని పోలేదు. నేను చెప్పేది అది. మిషన్ మానెయ్యమని కాదు అక్కా, నీ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకుని రోజూ ఎంతమంది ఆడవాళ్ళు వస్తారో ఆలోచించు, మేము ఇల్లిల్లూ తిరిగినా అంతమంది గుమ్మం తియ్యరు.

తెనాలి_టైలరక్క:

తమ్ముడూ, ఏమీ అనుకోలేదు, నిజమే చెప్పావు. ఆదివారం నేను మిషన్ ముట్టను, ఎంత అర్జెంటైనా, అది మా అమ్మ పెట్టిన అలవాటు. వారం మధ్యలో కూటాలే పోతాయి. ఇక వచ్చేవాళ్ళకి చెప్పడం అంటావా, వాళ్ళే అన్నీ చెప్పుకుంటారు. కొలతలు తీస్తుంటే ఆడవాళ్ళు ఎందుకో మనసులో ఉన్నది బయటపెడతారు, భర్త తాగుడు గురించి, కూతురి కాపురం గురించి, నడుం దగ్గర టేపు పెట్టేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను వింటా. కొందరికి ప్రార్థన చెయ్యనా అని అడుగుతా, వాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళు కూడా చెయ్యమంటారు. కాదంటే ఊరుకుంటా. ఇది ప్రకటించడం కిందకి వస్తుందో రాదో నాకు తెలీదు.

మాస్టారు గారూ, నిర్గమకాండం ఇంటికొచ్చిన చెల్లి చేత పైకి చదివించుకున్నా, నేను కుడుతూ విన్నా. యాజక వస్త్రాల అంచుకి దానిమ్మ పండ్లు, గంటలు కుట్టడం కూడా ఉంది అందులో, నీలం ధూమ్రం ఎరుపు దారాలతో. అంత వివరంగా దేవుడు అంచు గురించి చెప్పాడంటే నాకు ఆశ్చర్యమేసింది. మేం అంచుకే ఎక్కువ టైం పెడతాం, చూసేవాళ్ళకి తెలీదు.

సువార్త_ఖమ్మం:

అక్కా కొలతల దగ్గర నువ్వు చేసేది సువార్త పనే, సందేహం పెట్టుకోవద్దు. ఆ పేర్లు ఒక పుస్తకంలో రాసి రోజూ ప్రార్థన చెయ్యి.

బెజవాడ_బొటిక్:

నేనూ ఇదే లైన్, షాపు పెట్టుకుని ముగ్గురు వర్కర్లతో చేస్తున్నా, కాబట్టి పని లోపల నుంచి చెప్తా. ఇప్పటిదాకా అందరూ కాపరుల గురించి చెప్పారు, బాప్తిస్మమిచ్చు యోహాను గురించి ఎవరూ ఎత్తలేదు. లూకా మూడో అధ్యాయంలో జనం వచ్చి అడిగింది కూడా నువ్వు అడిగిందే కదా, మేము ఏం చెయ్యాలి అని. సుంకం వసూలు చేసేవాళ్ళు అడిగితే ఉద్యోగం మానెయ్యమనలేదు, నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. సైనికులు అడిగితే ఎవర్నీ బెదిరించొద్దు, మీ జీతంతో తృప్తిగా ఉండండి అన్నాడు. రెండు అంగీలు ఉన్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. అంటే మారుమనస్సు ఎక్కడ కనపడాలో ఆయన చాలా సూటిగా, డబ్బుల దగ్గర, పని దగ్గర చూపించాడు.

మన టైలరింగ్‌లో అది ఎక్కడ ఉంటుందో మనకే తెలుసు. రేపు రండి అనే మాట. కటింగే చెయ్యని బట్టకి హుక్స్ ఒక్కటే మిగిలాయండి అని చెప్పడం ఈ లైన్లో మామూలైపోయింది, అది అబద్ధం అని కూడా ఎవరికీ అనిపించదు. మిగిలిన గుడ్డ ముక్క ఇవ్వకపోవడం, లైనింగ్ తక్కువ రకం వేసి ఎక్కువది వేసినట్టు డబ్బులు తీసుకోవడం, లోపల మార్జిన్ వదలకుండా కోసెయ్యడం (రేపు ఆవిడ కొంచెం లావైతే విప్పుకోడానికి ఉండదు), హెల్పర్ పిల్లకి సీజన్‌లో డబుల్ పని చేయించుకుని అదే జీతం ఇవ్వడం. ఇవి ఎవరూ స్టేజీ మీద సాక్ష్యంగా చెప్పరు. కానీ పౌలు కొలొస్సయి పత్రిక మూడో అధ్యాయంలో ఏం చేసినా మనుషుల కోసమని కాకుండా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చెయ్యమని రాసింది దాసులకి, యజమాని చూస్తేనే పని చేసే దాసులుగా ఉండొద్దని చెప్తూ. లోపలి కుట్టు ఎవరూ చూడరు, అక్కడే తెలుస్తుంది.

నేను పాటించేది ఒకటి చెప్తా, పనికొస్తే తీసుకో. డెలివరీ డేట్ పుస్తకంలో వాళ్ళ ముందే రాసి వాళ్ళకి కూడా ఒక చీటీ ఇస్తా, ఆ వారంలో కుదరదనుకుంటే ముందే కుదరదండి అని చెప్పేస్తా, కొంతమంది వేరే షాపుకి పోతారు, పోనీ. దానివల్ల 24 సాయంత్రానికి షట్టర్ దించగలుగుతున్నా. మా వర్కర్లలో ఇద్దరు హిందూ అమ్మాయిలు, వాళ్ళకి క్రిస్మస్‌కి జీతంతో సెలవు ఇస్తా, సంక్రాంతికీ ఇస్తా. నన్ను అడిగితే, పండగ సందేశం వాళ్ళకి ముందు ఆ జీతం కవర్లో అందాలి.

మెతుకుసీమ:

నేను మెదక్ వాణ్ణి. ఇక్కడ ఒక్క సంగతి రాసి వెళ్తా.

మా చర్చి ఫోటోలు అందరూ చూసే ఉంటారు, 175 అడుగుల గోపురం, క్రిస్మస్‌కి లక్షల్లో జనం, మతంతో సంబంధం లేకుండా వస్తారు, జాతరలా ఉంటుంది. ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న. మొన్న 2024తో వందేళ్ళు నిండాయి. కట్టించింది మిషనరీ పాస్నెట్ దొరగారు అని అందరికీ తెలుసు. కట్టినవాళ్ళెవరు? మొదటి ప్రపంచ యుద్ధం టైంలో కరువు వచ్చి తినడానికి తిండి లేక అల్లాడిపోతున్న చుట్టుపక్కల ఊళ్ళ జనం. ఊరికే గంజి పొయ్యకుండా పని ఇచ్చి తిండి పెట్టాలని పాస్నెట్ గారు అనుకున్నారు, అలా ఆ చర్చి లేచింది. రాయి మోసినవాళ్ళకి, సున్నం కలిపినవాళ్ళకి ఆ రోజు దేవుని ఉద్దేశం గురించి ఆలోచించే ఓపిక ఉండి ఉంటుందా? సాయంత్రానికి పిల్లలకి ఇంత మెతుకు దొరికితే చాలు అనుకుని ఉంటారు. వాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. లోపల రంగుటద్దాల కిటికీలు చూసి అందరూ మురిసిపోతారు, ఒకదాంట్లో యేసయ్య జననం ఉంటుంది, పగటి వెలుగు పడితేనే ఆ బొమ్మ కనపడుతుంది. నేను మాత్రం ప్రతిసారీ గోడలు చూస్తా, ఆ రాళ్ళ అతుకులు. ఆకలితో ఉన్న మనిషి అంత నున్నగా ఎలా పేర్చాడా అని.

అక్కా, నువ్వు పిల్లల ఫీజుల కోసం కుడుతున్నా అని చిన్నతనంగా రాశావు. వాళ్ళు అన్నం కోసం కట్టారు. అన్నం కోసం చేసిన పనిని దేవుడు తక్కువగా చూడడనే నేను నమ్ముతున్నా, మా ఊళ్ళో రోజూ కళ్ళెదురుగా ఉంది కాబట్టి.

గుంటూరు_మాస్టారు:

మెదక్ బాబు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. దానికి ఇంకొకటి కలుపుతా. ఒంగోలు ప్రాంతంలో సువార్త వేళ్ళూనింది యర్రగుంట్ల పేరయ్య గారి లాంటి వాళ్ళ వల్ల. ఆయన తోళ్ళ వ్యాపారి, వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ విన్నాడు, నమ్మాడు, మళ్ళీ ఆ బంధువుల మధ్యకే, ఆ తెలిసిన ఊళ్ళకే వెళ్ళి చెప్పాడు. ఖమ్మం తమ్ముడు చెప్పిన 17వ వచనం, నేను చెప్పిన ఇరవయ్యోది, రెండూ ఆయన ఒక్కడిలోనే ఉన్నాయి. అమ్మా, యేసయ్య కూడా ఇంచుమించు ముప్పై ఏళ్ళ వయసు వచ్చేదాకా నజరేతులోనే ఉన్నాడు. మార్కు ఆరో అధ్యాయంలో ఊరివాళ్ళు ఆయన్ని వడ్లవాడు కాడా అంటారు. ఆ ఏళ్ళల్లో ఆయన చేసిన నాగలి గురించి గానీ తలుపు గురించి గానీ ఒక్క మాట రాయలేదు. అయినా బాప్తిస్మం దగ్గర, ఇంకా ఒక్క అద్భుతం కూడా చెయ్యకముందే, ఈయన నా ప్రియ కుమారుడు, ఈయనయందు ఆనందిస్తున్నాను అని తండ్రి అన్నాడు. ఆనందించింది దేని గురించి? నజరేతులో గడిచిన ఆ మామూలు ఏళ్ళు కూడా అందులో ఉన్నాయని నా నమ్మకం.

తెనాలి_టైలరక్క:

అందరికీ చాలా వందనాలు. మాస్టారూ ఆ నజరేతు మాట రాసుకున్నా.

బెజవాడ అక్కా, డేట్ చీటీ మంచి ఆలోచన, వచ్చే ఏడు డిసెంబర్ 10 తర్వాత క్రిస్మస్ ఆర్డర్లు తీసుకోనని గుమ్మం దగ్గర రాసి పెడతా. ఈ ఏడుకి ఒప్పుకున్నవి ఒప్పుకున్నట్టు ఇచ్చెయ్యాలి, నమ్మి ఇచ్చారు కదా. అడ్వాన్స్ తీసుకోని కొత్తవాళ్ళు ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి సంక్రాంతికి ఇస్తా అని నిన్ననే చెప్పేశా, ఒకావిడ కోప్పడింది, మిగతావాళ్ళు సరేనన్నారు. క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనకి నేనూ పిల్లలూ వెళ్తాం, మా ఆయన అత్తగారి దగ్గర ఉంటానన్నారు, మేం వచ్చాక పది గంటల ఆరాధనకి ఆయన వెళ్తారు. మా పాస్టరమ్మ గారు ఆ సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారికి ప్రభు భోజనం ఇప్పిస్తామన్నారు, ఆమె చర్చికి వచ్చి చాలా కాలమైంది, ఆ మాట వినగానే కుడి చెయ్యి లేవదు కదా, ఎడం చెయ్యి ఎత్తింది.

ఖమ్మం తమ్ముడూ, పేర్ల పుస్తకం మొదలుపెట్టా. కొలతల పుస్తకంలోనే రాస్తున్నా, ఒక్కొక్కరి పేజీలో కింద.

నైట్ డ్యూటీ చెల్లీ, నిన్ను ఒకటి అడగాలి. అత్తగారికి నడుం దగ్గర చర్మం ఎర్రబడింది, పుండు ఇంకా పడలేదు. వాటర్ బెడ్ కొనమంటున్నారు కొందరు, ఎయిర్ బెడ్ అంటున్నారు కొందరు. ఈ సీజన్ డబ్బులు రాగానే కొందామని, ఏది మంచిదో చెప్పు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

ఎయిర్ బెడ్ తీసుకో అక్కా, మోటారు ఉండేది, దాంట్లో గాలి ఒక గది నుంచి ఇంకో గదికి మారుతూ ఉంటుంది కాబట్టి ఒకే చోట ఒత్తిడి పడదు. కానీ అది కొన్నా సరే తిప్పడం ఆపకు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడు, తెల్లగా అయి మళ్ళీ ఎరుపొస్తే ఇంకా పర్లేదు, నొక్కినా ఎర్రగానే ఉంటే వెంటనే డాక్టరుకి చూపించు, డబ్బులు వచ్చేదాకా ఆగొద్దు. ఆ చోట మసాజ్ చెయ్యొద్దు, రుద్దొద్దు. దుప్పటి ముడతలు లేకుండా లాగి వెయ్యి, తడి ఉండనివ్వకు. ఆ పక్కకి పడుకోబెట్టడం కొన్ని రోజులు తగ్గించు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచితే చాలు. రేపు నాకు పగలు ఖాళీ, ఇక్కడే మెసేజ్ పెట్టు, ఎలా తిప్పాలో ఒక్కొక్కటి చెప్తా.